కొసరు

సలాలాలో డిసెంబరు చలి అంటే
ఫ్యాను ఒక పాయింటు తగ్గించడమే.
మా కుట్టు దుకాణం ఎదురుగా కొబ్బరిచెట్లు చూసి
మలికిపురం అనుకునేవాణ్ణి మొదటి ఏడాది.
ఇప్పుడు అనుకోను.
వీటి పేరు నార్జీల్. బొండానికి బైసలు లెక్కపెట్టాలి.

ఇరవై నాలుగో తారీఖు.
పద్నాలుగు దిష్‌దాషాలు, రేపు పొద్దుటికి ఇవ్వాలి.
మెడ దగ్గర వేలాడే కుచ్చు కుట్టడం నా పని:
అత్తరులో ముంచుకోవడానికి ఇక్కడి మగవాళ్ళు
గుండె మీద పెట్టుకునే చిన్న దారపు జడ.
పదమూడోది చేతిలో ఉండగా మత్తయి ఫోను.
"ఒరే, నాటకంలో రెండో జ్ఞానికి డబ్బా ఉంది,
డబ్బాలో ఏమీ లేదు.
బజారు పక్కనే కదరా నువ్వు."

హఫా బజారులో సాంబ్రాణి అమ్మేది ఆడవాళ్ళే.
కళ్ళు తప్ప అంతా నలుపు కప్పుకున్న ముసలమ్మ,
ముందు త్రాసు, త్రాసులో పటికబెల్లం పలుకుల్లాంటివి
కాస్త పచ్చదనం తిరిగి.
"ఎవరికి?" అంది.
నా అరబ్బీ కొలతల వరకే:
భుజం, పొడవు, ఛాతీ, రేపు, ఎల్లుండి.
నాటకం అన్న మాట నాకు రాదు.
"బిడ్డ పుట్టాడు," అన్నాను.
"మబ్రూక్! ఎప్పుడు?"
"ఈ రాత్రి."
"పేరు?"
"ఈసా."
"తల్లి?"
నోరు జారింది. "మర్యం."

త్రాసు ఊగడం ఆగింది.
ఆమె కళ్ళ చుట్టూ ముడతలు కదిలాయి.
నవ్విందో, ఏమనుకుందో,
అడిగే భాష నా దగ్గర లేదు.
మడిచిన పొట్లం మళ్ళీ విప్పి
గుప్పెడు వేసింది. ఆగి, ఇంకో గుప్పెడు.
కొన్నదానికంటే కొసరే ఎక్కువ.

మాకు హాలు తొమ్మిదిన్నర నుంచి పదకొండు,
మలయాళీలు వెళ్ళాక, ఫిలిప్పీన్లవాళ్ళు రాకముందు.
వాళ్ళు కట్టిన నక్షత్రమే మాకూ.
నూకరాజు పోర్టు నుంచి హెల్మెట్‌తోనే వచ్చాడు.
సువార్తమ్మకి యజమానురాలు ఇచ్చింది గంటన్నర,
దారిలోనే అరగంట పోయింది,
మిగిలిన గంట కోసం
పనిబట్టల మీదే తెల్ల చీర చుట్టుకొచ్చింది.

సంఘపెద్ద ఆశీర్వాదం గారు పొట్లం చూసి
"వెలిగించకండి, మనకి ధూపం అలవాటు లేదు" అన్నారు.
అన్నారుగానీ ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు తిరిగివ్వలేదు.

రెండో జ్ఞానికి ఏడేళ్ళు. పేరు హనోకు.
నేను కుట్టిన తలపాగా కళ్ళ మీదికి జారుతుంటే
డబ్బా పశువుల తొట్టె ముందు పెట్టి, మూత తీసి,
జనం వైపు తిరిగి
"ఇది నిజందే!" అని అరిచాడు.
ఆ మాట నాటకంలో లేదు.

డోలక్ ఎవరు మొదలెట్టారో తెలీదు.
రక్షకుడు పుట్టాడని ఏడాదంతా నమ్ముతాం,
కాళ్ళకి మాత్రం ఈ ఒక్క రాత్రే తెలుస్తుంది.
నూకరాజు హెల్మెట్ మీద దరువు.
సువార్తమ్మ వాచీ చూసుకుంటూనే చప్పట్లు.
ఆశీర్వాదం గారి మోకాళ్ళనొప్పి
ఏ మూల కూర్చుందో మరి.
డబ్బాలో పట్టని కొసరు నా చొక్కా జేబులో
ఒంటి వేడికి మెత్తబడి
నిప్పు లేకుండానే వాసన లేపింది.
"ఇది ధూపం కిందికి రాదు కదయ్యా?" అన్నాను.
ఆయనకి వినబడలేదు, ఎగురుతున్నారు.
తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ ఫిలిప్పీన్లవాళ్ళు
ఆగలేక లోపలికొచ్చి కలిశారు.
పదకొండు ఎప్పుడు దాటిందో ఎవరూ చెప్పలేదు.

పండగ నాడు పనే.
పొద్దున్నే మిషను ముందు పదమూడో కుచ్చు,
పద్నాలుగో కుచ్చు.
మూడుసార్లు కడిగినా చేతులది పోలేదు.
దిష్‌దాషా కోసం వచ్చిన పెద్దాయన
కుచ్చు ముక్కుకి ఆనించి, నా వైపు చూశాడు.
"అత్తరులో ముంచావా?"
"లేదు."
"మరి?"

భుజం, పొడవు, ఛాతీ, రేపు, ఎల్లుండి...
వెతికాను.
"బిడ్డ పుట్టాడు," అన్నాను.