నోరు తెరిచి ఉంచండి

గ్రిమ్స్‌బీలో సోమవారం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా
రేవు మీది చేపల వాసన లోపలికొస్తుంది.
కుర్చీలో డెరెక్ బ్లాంచర్డ్, డెబ్బై తొమ్మిదేళ్ళు,
కింది దవడ, ఎడమ వైపు, పుచ్చిన పన్ను.
ఈ అపాయింట్‌మెంటు కోసం పద్నాలుగు నెలలు ఆగాడు.

మత్తు ఎక్కేలోపు మాట్లాడతాడు.
"పడవ నిండిపోయిందమ్మా. ఇంకొక్కరెక్కినా మునుగుతాం.
నిన్ననడం లేదు, నువ్వు వేరు."
నేను వేరునట.
చేతిలో ఉమ్మి పీల్చే గొట్టం,
దాని గురగురే నా జవాబు.

నా దగ్గర లెక్కలున్నాయి.
డాక్టరమ్మ లిస్బన్ నుంచి, నేను అనకాపల్లి నుంచి,
పక్కగదిలో రెండో కుర్చీ మనిషి దొరక్క ఖాళీ.
చెప్పాను కూడా ఓసారి.
అంకెలు పడవ అంచుకి తగిలి నీళ్ళలో పడ్డాయి.
పడవ మాత్రం ఆయన కళ్ళలో అలాగే ఉంది, నిండుగా.

మా భాషలో నోట్లో ఉండేదీ పన్నే,
సర్కారుకి కట్టేదీ పన్నే.
అందుకేనేమో ఆ మాట వినగానే
పీకడం గుర్తొస్తుంది,
నమలడం గుర్తు రాదు.

ఈసారి లెక్కలు పక్కన పెట్టి అడిగాను:
"మీ పడవ ఎప్పుడైనా నిండిందా?"

సగం మొద్దుబారిన పెదవితో చెప్పాడు.
పంతొమ్మిదేళ్ళప్పుడు, ఓ జనవరి, ఐస్‌లాండ్‌కి పైన,
తాళ్ళ మీద మణికట్టంత మంచు.
పక్క బోటు తిరగబడింది. పదకొండు మందిని లాగారు.
ఎవరి భాషో ఎవరికీ తెలీదు.
మంచాల మీద వంతులేసుకుని పడుకున్నారు.
"నిండలేదా మరి?"
"సముద్రంలో అలా లెక్కపెట్టరు," అన్నాడు.
అని, ఆగాడు.
డాక్టరమ్మ పటకారు ఎత్తింది.
నోరు తెరిచి ఉంచండి, అన్నాను.

మారిపోయాడని చెప్పను.
గురువారం ఆయన ఓటెటో నాకు తెలుసు,
వెళ్ళేటప్పుడు కోటు మీద ఆ బిళ్ళ అలాగే ఉంది.
దూది కొరికిపట్టి చెయ్యూపాడు.

బస్సులో గుర్తొచ్చింది.
మా వీధి చివర ఇటుకబట్టీకి
ఒడిశా కూలీలు దిగిన వేసవి, నాన్న అన్నాడు:
"ఊరు పొంగిపోతోంది, మంట తగ్గించాలి."
పాలగిన్నె కళ్ళకి కట్టింది.
పాలెవరు, మంటెవరు, గిన్నె ఎవరిదని
నేనడగలేదు.
డెరెక్ పడవలో బతికినవాడు.
నేనప్పటికి పాలు కాచి కూడా ఎరగను.
తల ఊపి, వీధి కుళాయి కింద
ఆ పిల్ల బిందెని
నా బిందెతో పక్కకి నెట్టాను.