బూడిద పలక

చెనాయ్ ట్రేడ్ సెంటర్, రెండో అంతస్తు,
లిఫ్టు ఆగని వైపు మా కొట్టు.
బల్ల మీద ఇవాళ రెండు కార్డులు.

ఒకటి తొమ్మిదేళ్ళది.
మూత విప్పితే దుమ్ము చాపలా చుట్టుకుని ఊడొచ్చింది.
రెక్కల సందుల్లో పోపు జిడ్డు,
ఒక బొద్దింక మీసం.
వంటగది గోడకి ఆనుకుని బతికిందన్నమాట.
చిప్పు మీది పేస్టు
మే నెల హిమాయత్‌సాగర్ అడుగులా
నెర్రెలు విచ్చింది.

రెండోది మొన్న దిగింది.
మూడు ఫ్యాన్లు, ఇటుకంత బరువు.
వంగిపోకుండా కింద పెట్టే ఊతకర్ర
డబ్బాలోనే ఇచ్చారు.
"పుడుతూనే చేతికర్ర తెచ్చుకుంది భాయ్"
నవ్వాడు ముస్తఖీమ్, స్క్రూడ్రైవర్ పళ్ళ మధ్య పెట్టుకుని.

పాతదాని మనిషి నీరజాక్షి, మౌలాలి నుంచి.
కోకాపేటలో ఇంకా గుంత తవ్వని టవర్లకి
ముందే సూర్యోదయం దిద్దే పని ఆమెది.
ముప్ఫై ఏడో అంతస్తు బాల్కనీలో
తులసి కుండీ కూడా తనే పెడుతుందట.
"ఎంత తేడా ఉంటదో చూపియ్యన్నా,
చూసినంకనే పైసలు."

నా పొడుగు ఖాతా పుస్తకం తెరిచాను.
పన్నెండేళ్ళుగా అన్ని కార్డులకీ ఒకటే పరీక్ష:
ఒక వసారా, వేలాడే దీపం, ఎర్ర కుర్చీ,
చివర గోడకి ఆనించిన బూడిద రంగు పలక.
ఎన్ని వేలసార్లు నడిచానో ఆ వసారాలో
మా ఇంటి వసారాలో కూడా అంత నడవలేదు.

పాతది: సెకనుకు ముప్ఫై ఒకటి.
ఎనభై నాలుగు డిగ్రీలు.
కీసరగుట్ట ఎక్కుతున్న ఆటో రొద.
అయినా ఎక్కింది, అది రాసుకోవాలి.

కొత్తది: రెండు వందల ఆరు.
గొంతు కూడా పెంచలేదు.
మా మానిటరు మాత్రం అరవైకి మించి చూపలేదు.
మిగతా నూట నలభై ఆరూ
పుస్తకంలో ఉన్నాయి, కళ్ళలో లేవు.

తర్వాత ఆమె ఫైలు పెట్టాం.
ఒక్క బొమ్మకి పాతది పంతొమ్మిది నిమిషాలు.
కొత్తది యాభై సెకన్లు.
కొట్టులో ఎవరో ఈల వేశారు.
నీరజాక్షి వెయ్యలేదు.

"గా పంతొమ్మిది నిమిషాల్ల
అన్నం పొయ్యి మీదికెక్కిచ్చేదాన్ని.
ఒక్కోసారి గోడకొరిగి కన్ను మూసేదాన్ని.
సారు ఫోన్ జేస్తే 'అయితుంది సార్' అంటే సాలు.
ఇగ ఏమని చెప్పాలె?"

నా పట్టికలో దానికి గడి లేదు.
వాట్లు, డిగ్రీలు, ఫ్రేములు, ధర.
కునుకు అనే గడి లేదు.

ఆమె ఆలోచించుకుంటుంటే
ఊరికే, కొత్తదానికి మాత్రమే తెలిసిన
ఆ వెలుగు మీట నొక్కాను.
వసారా ఒక్క క్షణం తడబడింది.

బూడిద పలక అద్దమైంది.

పన్నెండేళ్ళు!
అందులో దీపం ఉంది, కుర్చీ వీపు ఉంది,
నేనెప్పుడూ తిరిగి చూడని వైపు గోడ ఉంది,
ఆ గోడకి తెరిచిన కిటికీ,
కిటికీలో సాయంత్రం.
నడుస్తున్న నేను మాత్రం లేను.
"ఆగు, ఆగు" అన్నాను, ఎవరితోనో.
ముస్తఖీమ్ వచ్చి భుజం మీంచి చూసి
"అరె, ఇన్నాళ్ళు చెక్క అనుకున్నంగదా" అన్నాడు.

నీరజాక్షి కొత్తదే కొంది.
అరవై రెండు వేలు, మూడు కార్డుల మీద గీకి.
ఊతకర్ర మర్చిపోయి వెళ్ళి
పార్క్‌లేన్ మలుపు నుంచి వెనక్కొచ్చింది.
పాతదాన్ని రెండున్నర వేలకి నాకు వదిలింది.

షట్టర్ సగం దించాక
కొత్త పేస్టు రాసి, బొద్దింక మీసం ఊది,
దాన్నే మళ్ళీ బిగించాను.
అదే రొద. అదే ముప్ఫై ఒకటి...
కాదు, ముప్ఫై మూడు, పేస్టు పుణ్యాన.
దీపం. ఎర్ర కుర్చీ.
చివర బూడిద పలక,
పలకలాగే.

దాని ముందు
కాసేపు నిలబెట్టాను వసారాని.
వెనక కిటికీ తెరిచే ఉందని
ఇప్పుడు నాకు తెలుసు.
ఖాతాలో ఆ వరుస పక్కన
పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి
లైటు ఆపాను.