చల్లారిన రివెట్

క్లైడ్ ఒడ్డున, ఆ ఏడు నాకు పద్నాలుగు.
కొలిమి ముందు నిలబడి రివెట్లు కాల్చడం నా పని.
ఎరుపు దాటి గడ్డి పసుపుకి రాగానే
పటకారుతో పైకి విసిరితే
రేకు గరాటాలో పట్టేవాడు ఫింగల్ లామంట్.

ఒకటి మాత్రం చల్లారింది.
బొగ్గు తడి, కళ్ళలో నిద్ర,
మేస్త్రీ కేక. విసిరేశాను.
సుత్తులు పడ్డాయి. ఆ మోతలో తేడా
నా ఒక్కడికే తెలిసిందనుకున్నాను.

థెస్సాలియా నీళ్ళలోకి జారిన రోజు
ఊరు ఊరంతా టోపీలు ఎగరేసింది.
నేను దాని ఎడమ డొక్క వంకే చూస్తూ ఉండిపోయాను.

తర్వాతదంతా పేపర్లో చదివిందే:
ఐదు రోజుల్లో న్యూయార్క్,
పై అంతస్తులో పియానో, కుండీల్లో తాటిమొక్కలు,
అడుగున మూటల మీద లిథువేనియా తల్లులు.
నడిసముద్రంలో పుట్టిన ఓ పిల్లకి
ఓడ పేరే పెట్టారట.
యుద్ధంలో బూడిద రంగు పూసుకుని
కుర్రాళ్ళని నిండుగా తీసుకెళ్ళింది,
తెల్ల రంగు పూసుకుని
సగం మందిని మోసుకొచ్చింది.

అట్లాంటిక్‌లో తుఫానని తెలిసిన ప్రతి రాత్రీ
నేను పక్క మీద లేచి కూర్చునేవాణ్ణి.
"మళ్ళీ అదేనా?" అనేది ఎల్స్‌పెత్, గోడ వైపు తిరిగి.

యార్డు గేట్లకి తాళాలు పడ్డాక
ఫోర్త్ తీరాన ఓడలు విరిచే పని దొరికింది.
ఏడాది తిరగకుండా తనే వచ్చింది.
మెట్ల కటకటాలు ఏదో హోటలు కొనుక్కుంది,
పాలరాతి తొట్టి ఒక రైతు,
గొర్రెలు నీళ్ళు తాగడానికి.

నేను చిన్న సుత్తి పట్టుకుని ఎడమ డొక్క దగ్గరికి పోయాను.
రంగు గీరాను. నలుపు కింద తెలుపు,
తెలుపు కింద బూడిద,
బూడిద కింద నా పద్నాలుగో ఏడు.

గట్టి రివెట్ మోగుతుంది, వదులుది దగ్గుతుంది.
వరస వెంట వరస కొట్టాను.
అన్నీ మోగాయి.

ఒకటి మాత్రం నూలువాసి పెద్దది.
చెడ్డదాన్ని తొలిచి తీస్తే కన్నం పెద్దదవుతుంది,
ఒక సైజు పెద్దదే దిగ్గొట్టాలి.
ఎవరో విన్నారు.

ఆ సాయంత్రం ఫింగల్ తన రొట్టె సగం తుంచిచ్చి
"ఇంటికెళ్ళి పడుకోరా" అన్నాడు.
తనెందుకు ఆగిపోయాడో నేనడగలేదు.
ఇప్పుడడుగుదామంటే
సోమ్ బురదలో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాడు.

టార్చి వెలిగించి దాని చుట్టూ కోశాను.
ఊడిపడుతుంటే టీ డబ్బా చాపి పట్టుకున్నాను.
గడ్డి పసుపు.
సరిగ్గా ఆ రంగే.