కిటికీకి రెండు సెకన్లు

స్టోక్‌లో అందరూ నన్ను బాతూ అంటారు.
బస్సు డ్రైవరు, రొట్టెల కొట్టు ముసలాయన,
ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పిల్ల కూడా.
మొదటిరోజు వెనక్కి తిరిగి చూశాను,
కాలవలో నిజంగానే రెండు బాతులు.
నాకంటే ముందు అవే పలికాయి.

ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్, రెండో సెమిస్టరు.
మెడలో స్టాప్‌వాచ్, చేతిలో అట్ట,
అట్టకి దారంతో కట్టిన పెన్సిలు.
డాక్టర్ విట్‌కూంబ్ ముందే చెప్పి పంపింది:
"మనిషిని చూడకండి, చేతుల్ని చూడండి."

చేతులు గ్లెనిస్ పాడ్‌మోర్‌వి.
ముప్పయ్యొక్కేళ్లుగా కప్పులకి చెవులు అతికిస్తోంది.
పచ్చి కప్పు తీసుకుని, చెవిని మట్టినీళ్లలో ముంచి,
నొక్కి, స్పాంజితో తుడిచి,
కప్పుని ఒకసారి కిటికీ వైపు ఎత్తి,
పలక మీద పెడుతుంది.
పద్నాలుగు సెకన్లు.
మళ్లీ పద్నాలుగు.
నా గుండె కూడా ఇంత నిలకడగా కొట్టుకోదు.

తర్వాత వేగానికి అంకె వెయ్యాలి.
మామూలు మనిషి వేగం నూరు అంటుంది పుస్తకం.
ఆ మామూలు మనిషి ఎవరో, ఏ ఊళ్లో ఉంటాడో,
అన్నం తిన్నాడో లేదో ఎక్కడా రాయలేదు.
గ్లెనిస్‌కి నూట పదిహేను వేశాను.
తర్వాత వెసులుబాట్లు:
బాత్రూముకి అయిదు శాతం, అలసటకి నాలుగు,
నిలబడ్డందుకు రెండు, విసుగుకి ఒకటి.

విసుగుకి ఒకటి!
ముప్పయ్యొక్కేళ్లలో ఒక శాతం
దాదాపు నూట పదమూడు రోజులు.
అంతవరకూ విసుక్కోవచ్చు గ్లెనిస్.
మిగిలినదంతా తన సొంత ఖర్చు.

మా చిన్నమ్మ కామారెడ్డిలో బీడీలు చుట్టేది.
ఆమె ముందు గడియారం ఉండేది కాదు, ఒళ్లో చాట ఉండేది.
సాయంత్రం టేకేదారు కట్ట విప్పి
రెండు వేళ్లతో నలిపి చూసి
కొన్నిటిని పక్కకి తోసేవాడు.
తోసినవాటికి కూలి లేదు,
తగ్గిన ఆకు మాత్రం ఆమే కొనిపెట్టాలి.
దాన్ని క్వాలిటీ కంట్రోల్ అంటారని
ఏడువేల కిలోమీటర్లు దాటొచ్చి నేర్చుకున్నాను.
ఫీజు కట్టి మరీ.

టీ విరామంలో అడిగాను, కిటికీ వైపు ఏం చూస్తావని.
"చెవి నిటారుగా కూర్చుందో లేదో, బాతూ."
బిస్కెట్టు ముంచింది. సగం విరిగి టీలో పడింది.
"ఒక్కోసారి వాన పడుతోందో లేదో."

రిపోర్టులో ఆ రెండు సెకన్ల పక్కన
ఎర్ర సిరా: అనవసర చలనం, తీసెయ్యి.
తీసేశాను.
గంటకి ముప్పైమూడు కప్పులు ఎక్కువ వచ్చాయి కాగితం మీద.
డెబ్బైనాలుగు మార్కులు వచ్చాయి నాకు.
ఆ రాత్రి హాస్టల్ వంటగదిలో
పప్పు మాడిపోయేదాకా
స్టవ్ ముందే నిలబడి ఉన్నాను.

ఈస్టర్ సెలవుల తర్వాత వెళ్లాను, మరచిపోయిన అట్ట కోసం.
సూపర్‌వైజర్ కీత్ ఆనందంగా చెయ్యి కలిపాడు,
మీ లెక్కలు బాగా పనికొచ్చాయన్నాడు.
బల్లలన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి.

గ్లెనిస్ నన్ను చూడలేదు.
కప్పు తీసింది, ముంచింది, నొక్కింది, తుడిచింది,
తెల్ల సున్నం గోడ వైపు
కప్పుని ఎత్తి పట్టుకుంది.
స్టాప్‌వాచ్ నా జేబులోనే ఉంది. నొక్కలేదు.
నొక్కకపోయినా తెలిసిపోయింది.

"వాన పడుతోందా, బాతూ?"
నా బూట్ల చప్పుడు ఎలా గుర్తుపట్టిందో.
వెనక్కి తిరిగి, కిటికీలోంచి చూసి,
తుంపర అని చెప్పాను.

అది ఏ గడిలో రాయాలో
ఇప్పటికీ తెలీదు.