మూత తీయకు

మార్చి మూడో వారం. డులూత్.
సుపీరియర్ సరస్సు ఇంకా తెల్లగా, బల్లపరుపుగా,
ఎవరో ఇస్త్రీ చేసి మడత పెట్టడం మరిచిన దుప్పటిలా.
పోస్టాఫీసు వెనక షెడ్డులో రాత్రి డ్యూటీ నాది.
ఇరవై రెండేళ్లుగా ఊరి ఉత్తరాలు
నా వేళ్ల మీదుగానే పోతున్నాయి.

ఒకప్పుడు ఈ రోజుల్లో కాలేజీ కవర్లు వచ్చేవి.
లావుగా ఉంటే రమ్మని, పలచగా ఉంటే క్షమించమని.
విప్పక్కర్లేదు, బరువే చెప్పేసేది.
కోస్కీ వాళ్లబ్బాయి పేరు మీద పలచనిది ఒకటి
చేతిలో పడిన రాత్రి
దాన్ని కాసేపు పక్కన పెట్టాను.
ఏం లాభం? తెల్లారితే వెళ్లాల్సిందే. వెళ్లింది.
ఆ కుర్రాడే ఇప్పుడు రేవులో వంతెన ఎత్తేది.

ఇప్పుడు కవర్లు లేవు.
అన్నీ అమ్మాయి ఫోన్‌లోకే, బరువు లేకుండా.
ఎనిమిది కాలేజీలు.
ఒకటి కాదంది.
ఒకటి ఔనని, ఫీజు చెప్పి ఊరుకుంది.
ఒకటి వెయిట్‌లిస్టు అంది,
పెళ్లిలో రెండో బంతికి ఆగమన్నట్టు,
విస్తరి వేస్తారో లేదో చెప్పకుండా.
మిగతావి ఉలకవు, పలకవు.

ఈ చలిలో దోశల పిండికీ తొందర లేదు.
ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి
గిన్నె అందులో పెట్టి పడుకుంటాం.
ఒక్కోసారి రాత్రంతా చాలదు.
"మాటిమాటికీ మూత తీయకు," అంటుంది మా ఆవిడ,
"నువ్వు చూస్తే పొంగుతుందా?"

నిన్న తెల్లవారుజామున డ్యూటీ దిగి
బూట్లయినా విప్పకుండా
అమ్మాయి లాప్‌టాప్ తెరిచాను.
పాస్‌వర్డు నాకు తెలుసు, చచ్చిపోయిన కుక్క పేరు.
ఏమీ మారలేదు. మళ్లీ నొక్కాను. మారలేదు.
వేలు గాల్లో ఉండగా వెనక నుంచి తరళ,
రేగిన జుట్టుతో, భుజాల మీద శాలువాతో:
"ఎన్నోసారి నాన్నా?"
రెండోసారన్నాను. అబద్ధం.
నవ్వలేదు, విసుక్కోలేదు.
లాప్‌టాప్ మూసి, టీకి నీళ్లు పెట్టింది.
"నేను రాయాల్సింది నవంబరులోనే రాసేశాను.
ఇప్పుడు చదువుతున్నది వాళ్లు.
వాళ్ల పని వాళ్లని చేసుకోనీ."

నెల రోజులుగా ఆ పిల్లకి నేను చెబుతున్న మాట
నిదానం, నిదానం.
ఎవరికి చెప్పుకుంటున్నానో అప్పుడర్థమైంది.

టీ సగంలో ఉండగా కిటికీ అద్దం సన్నగా వణికింది.
ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా, కూత.
ఈ ఏటి తొలి ఓడ!
వంతెన మీంచి కోస్కీ వాళ్లబ్బాయి బదులు కూశాడు.
"పోదామా?" అంది. పోయాం.
ఫోను టేబుల్ మీదే ఉండిపోయింది.
మరిచిందో, వదిలిందో, అడగలేదు.

గట్టు మీద ముప్పై మందిమి, ముక్కులు ఎర్రగా.
మంచుపలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
మూటలోని గాజుల చప్పుడు.
అంత ఇనుము
మనిషి నడక కన్నా నెమ్మదిగా కదిలింది.
ఎవరూ త్వరగా రమ్మనలేదు దాన్ని.

ఇంటికొచ్చేసరికి గిన్నె మీద మూత
దానంతటదే కాస్త పైకి లేచి ఉంది.
టేబుల్ మీద ఫోను ఒకసారి వెలిగి ఆరిపోయింది.
నేను చూశాను. తనూ చూసింది.
"ముందు పెనం పెట్టు," అన్నాను, గొంతు సవరించుకుని.
మొదటి దోశ ఎప్పటిలాగే అంటుకుపోయింది.
తరళ దాన్ని గీకి, నిలబడే తినేసి,
రెండోది పోసింది.