ఇతర వివరాలు

పలమనేరు అవతల, మే నెల.
వంకలో టేపు పరిచి రాసుకున్నా:
"ప్రవాహం: లేదు."

ఇదివరకైతే ఏడాది పొడుగునా కొలవాల.
రాబోయేది కొత్త రకం రియాక్టరు, చిన్నదంట,
నలభై రోజులు చాలన్నారు.

గొర్రెల చెంగల్రాయుడు కట్టె పైకెత్తి
కానుగ కొమ్మ చూపించినాడు.
నా తలకు జానెడు పైన
ఎండిన గడ్డీ, పిల్లకాయల చెప్పొకటీ
చిక్కుకోని ఉండాయి.
"కార్తీకంలో రామ్మా."

ఫారంలో కార్తీకానికి గడి లేదు.

రాత్రి లాడ్జీలో కరెంటు పోయింది.
ఆ ఫైలుతోనే విసురుకుంటా
సెల్లు వెలుగులో పేజీలు తిప్పినా.
కరెంటు కావాల్సిందే. నాకూ ఉక్కే.

చివరి పేజీలో "ఇతర వివరాలు",
కింద రెండే గీతలు.
రాసినా:
కానుగ కొమ్మన చెప్పు.
నీళ్లు నాకంటే పొడుగు.