ఒక నిమిషం హాల్టు

నేను రైల్వే మనిషిని కాను.
నూటికి ఇంతని కమీషన్ మీద
టికెట్లమ్మే మనిషిని.
రేణిగుంటలో ముందే దుడ్డు కట్టి
టికెట్ల కట్ట తెచ్చుకుంటా,
అంగడికి బెల్లం తెచ్చుకున్నట్టు.

గోవింద కొట్టే ఎక్స్‌ప్రెస్‌లన్నీ
మా బోర్డు చదవకుండానే పోతాయి.
ఆగేది ఆరూ పది ప్యాసింజరు.

కొండ మీద మెట్లదారి లైట్లు ఇంకా ఆరవు.
ఈలోపల మామిడితోపులోంచి సెల్‌ఫోన్ టార్చీలు
ఒకటి, రెండు, ఏడు...
ముప్పై అయిదు గట్టు దిగొస్తాయి.
కంపెనీ ఆడపిల్లోళ్లు.
మెడల్లో ట్యాగులు, సంగటి క్యారియర్లు,
ఆరీ ఆరని జడలు.
పట్టాల మీదనే దాటతారు,
వంతెన కట్టేంత ఊరు కాదు మాది.

వాళ్లు చేసే ఫోన్లలో నలక పడకూడదంట.
పూలొద్దు, గాజులొద్దు,
మొగానికి పౌడరు కూడా వద్దంట.
వాకిట్లో నిలబెట్టి గాలి కొట్టి దులుపుతారంట.
"మాయమ్మ చాటలో చెరిగినట్టే మామా"
అని నవ్వుతాది రెడ్డెమ్మ.
రోజుకు తొమ్మిదొందల కెమెరాలు అతికిస్తాది,
గోరంత కళ్లు.
రైలెక్కినాక తన కళ్లు మూసుకుంటాది.

ఆడికృత్తిక దాటిన వారానికి కాగితమొచ్చింది.
ఈ హాల్టులో రోజుకు మూడు టికెట్లే తెగతా ఉండాయి,
బండి ఆపడం దండగని.
"ముప్పై అయిదు మందిమి ఎక్కతా ఉంటే
తెగకపోవడమేంది?"
మీవి సీజన్ పాసులమ్మా.
రేణిగుంటలో కొన్నారు,
రేణిగుంట లెక్కలోకి పోయినారు.
ఈడి పుస్తకంలో మీరు లేరు.

ఎవురూ మాట్లాడలేదు.
గేటు కాడ కూత వినపడింది.
బండొచ్చింది, పోయినారు.

మర్నాడు కిటికీలో పది రూపాయల నోటు.
షకీలా చెయ్యి.
"రేణిగుంటకు ఒకటి."
పాస్ ఉంది కదమ్మా?
"ఉండాది. ఇయ్యన్నా."
దాని వెనకాల ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి.
వంతులేసుకున్నారు,
చీటీ కట్టినట్టు.
రోజుకు ఎనిమిది మంది.
జీతాలు పడని నెలాఖర్లో
రూపాయి బిళ్లలు లెక్కబెట్టేదానికి
నాకే టైము చాల్లేదు.

అవసరం లేని టికెట్లవి.
చించరు, పారెయ్యరు.
నా కిటికీ చువ్వలో దోపేసి
పరుగెత్తుతారు.
"నీకు కమీషన్ పెరిగిందిలే మామా"
అని ఎకసక్కెం.
నిజమే, పెరిగింది.

ఆదివారం కంపెనీకి సెలవు.
తోపులో ఒక్క టార్చీ లేదు.
నాకు నేనే రెండు టికెట్లు కోసుకున్నా,
ఆ పెరిగిన దుడ్లతోనే.
బండి ఆగింది.
ఒకరు దిగలేదు, ఒకరు ఎక్కలేదు.
వెనక పెట్టెలోంచి తొంగిచూసిన గార్డు
ఎవురికోసం ఆపినట్టు అని
పచ్చజెండా ఊపకుండా నిలబడినాడు.
పోనీ సార్ అన్నాను.

పుస్తకం ప్రకారం
ఇద్దరు ఎక్కినారు.